అమ్మ ఎలాగూ ఉంటుందిగా

మా పిచ్చుకకు తలస్నానం చేయించడమంటే నాకూ సగం స్నానం అయిపోయినట్టే. ఒక చేత్తో మెడ పట్టుకోవాలి, ఇంకో చేత్తో నురగ కళ్ళలో పడకుండా తోసెయ్యాలి, మోకాలు అడ్డంపెట్టి కుర్చీ కదలకుండా ఆపాలి. పదిహేనేళ్ళ పిల్ల, నాకంటే పొడుగు సాగింది. కాళ్ళూ చేతులూ దాని మాట వినవు, నోట్లోంచి మాట సరిగ్గా రాదు, బుర్ర మాత్రం పాదరసం. చెప్పదలుచుకున్నది ట్యాబ్ మీద ఒక్క వేలితో నొక్కుతుంది, ట్యాబ్ దాన్ని పైకి చదువుతుంది. పుట్టినప్పుడు అరచేతిలో ఇమిడిపోయేంత ఉండేదని మా అత్తగారే దాన్ని పిచ్చుక అన్నారు. అదే ఖాయమైపోయింది.

"అమ్మాయ్, ఆ నీలం గౌను తొడుగు. ఆఫీసు నుంచి వచ్చేవాళ్ళ ముందు మన పిల్ల మహారాణిలా కనిపించాలి" అని తలుపు అవతలి నుంచి అత్తయ్య.

పోయినేడూ అదే చేశాం. ఏడాదికోసారి ప్రభుత్వ సహాయ నిధివాళ్ళు ఇంటికొచ్చి, పిల్లను చూసి, వచ్చే ఏడాదికి ఏమేం ఇవ్వాలో తేలుస్తారు. ఎవరి ముందూ మన పిల్లను తక్కువ చేసుకోకూడదని అత్తయ్య పట్టు. అందుకని ఇల్లు అద్దంలా తుడిచి, పిల్లను ముస్తాబు చేసి, నవ్వుతూ కూర్చున్నాం. పిల్ల నవ్వింది, మా ఆయన నవ్వాడు, నేనూ పళ్ళికిలించాను. "మీ ఇంట్లో అన్నీ ఎంత చక్కగా సాగిపోతున్నాయండీ!" అని వచ్చినాయన మెచ్చుకున్నాడు. మెచ్చుకుని వెళ్ళి, పిల్ల పనులకు వాళ్ళు పంపే సహాయకురాలు వచ్చే సమయాన్ని సగానికి సగం కోసేశాడు. ఇప్పుడామె సాయంత్రం కాసేపు వచ్చి పోతుంది, అంతే.

అప్పట్నుంచి వాళ్ళు ఏది ఇస్తారో, ఏది ఇవ్వరో ఒక్కొక్కటే తెలిసొచ్చింది. చక్రాల కుర్చీ ఇస్తారు. అది ఎక్కేలా కారు వెనకభాగం మార్పిస్తారు, కారు మాత్రం మనదే. సహాయకురాలు పిల్లకు తినిపిస్తుంది, ఆ తిండి గొంతులో అడ్డుపడకుండా మెత్తగా చేసేది నేను. పక్క మారుస్తుంది, ఆ దుప్పట్లు ఉతికేది నేను. ఎవరి పిల్లల దుప్పట్లు వాళ్ళే ఉతుక్కోవాలి, ఒప్పుకుంటాను. కానీ ఎవరింట్లోనైనా రోజూ ఇన్ని దుప్పట్లు ఉతుకుతారా? ఫోన్ చేసి అడిగితే ఒకటే పాట: "తల్లిదండ్రులు ఎలాగూ చేసే పనులు మా కిందకి రావండీ." ఆ 'ఎలాగూ' వింటే నాకు ఒళ్ళు మండేది. తల్లిదండ్రులని ఇద్దర్నీ కలిపి అంటారు గానీ, మా ఇంట్లో ఆ మాటకు లేచి పరిగెత్తేది నేనొక్కదాన్నే.

నేను పళ్ళు చేసేదాన్ని. నవ్వకండి, నిజమే. డెంటల్ ల్యాబ్‌లో కట్టుడు పళ్ళు తయారుచేసే పని నాది. ఎవరి నోటికి తగ్గ రంగు వాళ్ళ పన్నుకు కలపడంలో నా చేతికి పేరుండేది. పిచ్చుక పుట్టాక మానేశాను. మొన్న ల్యాబ్ యజమానురాలు ఫోన్ చేసింది. "నీలాంటి చెయ్యి మళ్ళీ దొరకలేదమ్మా. రోజూ మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా వచ్చినా చాలు. ఈ వారంలో ఏదో ఒకటి చెప్పు, తర్వాత నేను ఆగలేను" అంది. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే, పంటి అచ్చుకు మైనం చెక్కుతున్నట్టు నా వేళ్ళు వాటంతటవే కదులుతున్నాయి. ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. కానీ పిచ్చుక బడి నుంచి వచ్చేది సరిగ్గా రెండింటికే. అత్తయ్య మోకాళ్ళు పట్టేసిన మనిషి, దాన్ని లేపలేరు.

మా ఆయనకు చెప్తే, "వెళ్ళు, నేను వద్దన్నానా? ఆఫీసువాళ్ళను అడుగు. మధ్యాహ్నానికి మనిషినిస్తే హాయిగా వెళ్ళిరా" అన్నాడు. ఆయన డ్రైవింగ్ నేర్పిస్తాడు. పొద్దునా సాయంత్రమూ పాఠాలు, మధ్యాహ్నం భోంచేసి గురక. చెడ్డవాడేం కాదు. పిచ్చుకను కడుపు చెక్కలయ్యేలా నవ్విస్తాడు. నవ్వించడం ఆయన వంతు, కడగడం నా వంతు.

నీలం గౌను తియ్యలేదు. ఇంట్లో తొడిగే పాత చొక్కానే తొడిగాను. ఉతకాల్సిన దుప్పట్ల కుప్ప హాల్లోనే వదిలేశాను. అత్తయ్య బుగ్గలు నొక్కుకున్నారు.

ఈసారి వచ్చిన ఆఫీసరమ్మ చిన్న వయసుది, మెత్తగా మాట్లాడుతోంది. ఆమె కూర్చోగానే నేను గుక్క తిప్పుకోకుండా అడిగేశాను. "మధ్యాహ్నాలు నేను పనికెళ్ళాలండీ. ఆ మూడు గంటలకీ మనిషినివ్వండి."

ఆమె మొహమాటపడింది. "పెద్దవాళ్ళు ఉద్యోగాలకెళ్తే పిల్లలను చూసుకోవడం మా కిందకి రాదండీ. అది ఏ ఇంట్లోనైనా ఎలాగూ చేసుకునే ఏర్పాటే కదా."

"పర్లేదు లెండి," వెంటనే అందుకున్నాడు మా ఆయన. "మా ఆవిడ ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది. దేవతండీ ఆవిడ!"

ప్రేమగానే అన్నాడు, పాపం. కానీ ప్రభుత్వం ఎక్కడ చేతులు దులుపుకుంటుందో అక్కడ నన్ను నిలబెట్టేశారు అందరూ కలిసి. నేను అలిసిపోతానన్న సంగతి ఆ ఆఫీసులోనూ ఎవరికీ పట్టలేదు, ఈ ఇంట్లోనూ పట్టలేదు.

ఆఫీసరమ్మ పిచ్చుక వైపు తిరిగింది. "నీకేం కావాలి తల్లీ?"

"దానికేం కావాలమ్మా, వాళ్ళమ్మ పక్కనుంటే చాలు" అన్నారు అత్తయ్య. ఆఫీసరమ్మ నవ్వి, కాస్త ఆగమన్నట్టు చెయ్యి చూపించింది. పిచ్చుక వేలు వణుకుతూ ఒక్కో అక్షరం వెతుక్కుంటోంది. చివరికి ట్యాబ్ పలికింది.

"అమ్మ స్నానం చేయించొద్దు."

నా చెవులను నేనే నమ్మలేదు. ఇన్నేళ్ళూ ఇంత చేస్తే, చివరికి ఇదా? కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిచ్చుక మళ్ళీ నొక్కింది. "పెద్దదాన్నయ్యాను. సిగ్గేస్తుంది. అమ్మ నాతో ఊరికే కూర్చోవాలి."

ఊరికే కూర్చోవడం! దాని పక్కన ఏ పనీ లేకుండా ఎప్పుడు కూర్చున్నానో ఎంత తలుచుకున్నా గుర్తుకు రాలేదు.

"మరి నాతో ముందే చెప్పొచ్చుగా మొద్దూ?" అన్నాను దాని చెంప నిమురుతూ.

"ఏడుస్తావని" అంది ట్యాబ్.

"నేనెందుకేడుస్తాను?" అంటూ ఏడ్చాను. అది కిలకిలా నవ్వింది.

ఆఫీసరమ్మ కూడా కళ్ళు తుడుచుకుంది. "పదిహేనేళ్ళ పిల్లకు స్నానం చేయించడం అందరు తల్లులూ చేసే పని కాదండీ. దానికి పొద్దున పూట మనిషిని ఇప్పించగలను, అది నా పూచీ. మధ్యాహ్నాలకు మాత్రం నా చేతిలో ఏమీ లేదు. దానికేమని రాయమంటారు?"

"ఇంట్లోవాళ్ళే చూసుకుంటారని రాయండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇంట్లోవాళ్ళంటే ఎవరో కూడా రాయండి. వాళ్ళ నాన్న."

"నేనా?" అన్నాడు మా ఆయన.

"నువ్వే. తినిపించడం, బట్టలు మార్చడం, దుప్పట్లు ఉతకడం. అన్నీ నేర్పిస్తాను. నీ డ్రైవింగంత కష్టం కాదులే."

పిచ్చుక వాళ్ళ నాన్నను కళ్ళార్పకుండా చూస్తోంది. ఆఫీసరమ్మ రాయబోతూ తలెత్తి, ఎంతో మర్యాదగా ఆయన్ని అడిగింది. "మీకు వీలవుతుందాండీ?"

ఈ పదిహేనేళ్ళలో ఆ మాట నన్నెవరూ అడగలేదు. ఆయన అలవాటు కొద్దీ నావైపు చూశాడు, జవాబు నేనే చెప్పేస్తానన్నట్టు. నేను పిచ్చుక తల మీద ముద్దుపెట్టి, ఫోన్ తీసుకుని వంటింట్లోకి నడిచాను, సోమవారం నుంచి వస్తున్నానని ల్యాబ్‌కు చెప్పడానికి.