ఎనిమిది పోగుల ముడి

మా ఇంట్లో ఇంటర్నెట్ ముందు గదిలో ఉంటుంది. సాంచాలూ అక్కడే ఉంటాయి. సాంచాలంటే బట్ట నేసే మరమగ్గాలు. వాటి పక్కన బాపు, అంటే మా నాన్న, ఆ పక్కన ఆయన తల్లి బాపమ్మ మంచం, ఎదురుగా వీధిలో పోయే ప్రతి ఒక్కరూ ఆగి తొంగిచూసే గుమ్మం. వెనక గదిలో బియ్యం బస్తాలు తప్ప ఎవరూ ఉండరు. దానికి తలుపుంది, తలుపుకి గడియ కూడా ఉంది. నాకు ఇంటర్నెట్ కావాల్సింది ఆ గదిలో.

వైఫై మా గోడల్ని దాటలేదు. అవి ముత్తాత కట్టిన మట్టిగోడలు. ఫోను సిగ్నల్ కావాలంటే వాకిట్లో నిలబడాలి.

హైదరాబాదులో ఒక కాలేజీవాళ్లు ఊరి బడుల్లో పదో తరగతి చదివిన ఆడపిల్లలకు ఉచితంగా ఇంటర్ సీట్లు ఇస్తారు. రాతపరీక్ష పాసయ్యాను. ఇక మిగిలింది శనివారం వీడియోలో మాట్లాడటం. రాయమంటే ఎంతైనా రాస్తాను. నలుగురు వింటుంటే మాత్రం నా గొంతు లోపలికి పోయి గడియ పెట్టుకుంటుంది. సీటు రాకపోతే ఇంట్లో కూర్చుని సాంచాలకు నూలు కండెలు చుట్టడమే నా పని. అందుకే సైన్సు చెప్పే పద్మలత మేడమ్ తన లాప్‌టాప్ ఇచ్చి, వైరు నేరుగా దానికే పెట్టుకుని ఒక్కదాన్నే కూర్చుని మాట్లాడమంది.

కేబుల్ అంబదాస్ డ్రిల్లింగ్ మిషను తెచ్చాడు.

"గోడలకు రెండు బెజ్జాలు గొడ్తె అయిపాయె, చిన్న పని" అన్నాడు.

బాపమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "ఈశాన్యం మూలకు బెజ్జమా? ఇంట్ల ఉన్న లక్ష్మి అండ్లకెల్లే పోతది."

"ఉన్నదా అవ్వా? నాకెన్నడు కనవడలే!"

నిరుడు వానలకు అదే మూల గోడ సగం కూలి, నెల రోజులు గోనెపట్టా కట్టుకుని ఉన్నాం. అప్పుడు పోని లక్ష్మి చిటికెన వేలంత బెజ్జంలోంచి పోతుందంటే ఇంట్లో అందరూ నమ్మారు. దాంతో వైరు కిటికీలోంచి బయటికి వెళ్లి, వంటింటి కప్పు ఎక్కి, పెరట్లోకి దిగి, ఊరేగింపులా ఇల్లంతా చుట్టి వచ్చింది. పెరట్లోకి రాగానే మా అవ్వ, అంటే అమ్మ, దాన్ని లాగి చూసి, "మంచి గట్టిగున్నది" అని మెచ్చుకుని, తడి తువ్వాళ్లు ఆరేసింది.

వెనక గది గడప దగ్గరికి వచ్చేసరికి వైరు అయిపోయింది.

"ముక్క ఉన్నది గని, జోడించే డబ్బి లేదు. రేపు తెస్త. అందాంక ఎవ్వలు ముట్టుకోవద్దు" అని ముక్క అక్కడే పెట్టి అంబదాస్ బండి ఎక్కాడు.

అంబదాస్ రేపు అంటే అది తేదీ కాదు, వెళ్లొస్తానని చెప్పే పద్ధతి. తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా "పెండ్లిల ఉన్న" అన్నాడు. ఎవరి పెళ్లో గానీ చాలా పెద్ద పెళ్లి.

శుక్రవారం సాయంత్రం బాపు వచ్చి వైరు ముందు గొంతుక్కూర్చున్నాడు. వైరుకూ, ముక్కకూ పై తోలు పంటితో ఒలిచాడు. లోపల రంగురంగుల సన్నని తీగలు ఎనిమిది కనిపించాయి. బాపు పకపకా నవ్వాడు.

"గింతేనా! గీ ఎనిమిది పోగులకు అంబదాస్ గావాల్నా? పుట్టిన కాణ్నుంచి పోగులతుకుడే గదనే నా పని!"

రంగుకు రంగు చూసి, రెప్పపాటులో ఒక్కో ముడి వేశాడు. పక్కింటి గంగయ్య మామ చూడటానికి వచ్చాడు.

"ఏం ముడి సంపతన్నా! యాడ జోడువెట్టినవో కండ్లకు ఆనుతలేదు."

ఆ మాటతో బాపు ఇంకా ఉషారై, పడుగు దారానికి పట్టించినట్టు ముడులకు గంజి కూడా పట్టించాడు.

ఒక్కో తీగకు రంగు ప్లాస్టిక్ తోలు ఉందని, రాగి దాని లోపల ఉందని, ప్లాస్టిక్‌ను ప్లాస్టిక్‌కు ముడేస్తే ఏమీ ప్రవహించదని నాకు తెలుసు. బడిలో చదివిన పాఠమే. నోరు తెరిచాను.

"ఏందే?" అన్నాడు బాపు.

"ఏం లేదు బాపూ."

లాప్‌టాప్‌లో నెట్ రాలేదు. బాపు వైరును రెండు వైపులా లాగి చూశాడు. "ముడి తెగలే. తప్పు మనది గాదు" అని తేల్చాడు. తప్పు ఎవరిదో వెతకడం మొదలైంది. తడి తువ్వాళ్లేసి నెట్‌ను నానబెట్టావని బాపు అవ్వను తిట్టాడు. కిటికీలోంచి పోయిన వైరుకు దిష్టి తగిలిందని బాపమ్మ అన్నది. చివరికి గంజి ఆరితే అదే వస్తుందని అందరూ ఒప్పుకుని అన్నాలు తిన్నారు.

శనివారానికి గంజి ఆరింది. నెట్ రాలేదు. నేను ముందు గదిలోనే కూర్చోవాల్సి వచ్చింది.

బాపు నా కోసం సాంచాలు బంద్ చేశాడు. అదే మా కొంప ముంచింది. మా వాడలో పట్టపగలు సాంచాలు ఆగితే రెండే అర్థాలు. కరెంటు పోయి ఉండాలి, లేదా మనిషి పోయి ఉండాలి. కరెంటు ఉంది. గంగయ్య మామ తువ్వాలు నెత్తినేసుకుని పరుగున వచ్చాడు. అతని వెనక ఆడవాళ్లు, అప్పటికే కళ్లకు కొంగులు.

"ముసలవ్వేనా?" అని గుమ్మంలోనే మెల్లగా అడిగాడు.

"నేనింక ఉన్న, నీ నోట్లె మన్నువడ!" అంది బాపమ్మ.

సంగతి తెలిశాక కూడా ఒక్కరూ కదల్లేదు. "అచ్చినంక ఉత్తగ ఎట్ల పోతం? పొల్ల మాట్లాడేది ఇని పోతం" అని నాకెదురుగా గోడవారన కూర్చున్నారు.

తెర మీద ఇంటర్వ్యూ చేసే మేడమ్ కనిపించింది. "నీ పేరు చెప్పమ్మా."

గొంతు రాలేదు.

"తిరుమల మేడమ్!" అన్నాడు గంగయ్య మామ.

"అమ్మాయిని చెప్పనివ్వండి. మీ ఇంటి గురించి చెప్పు తిరుమలా."

ఎవరూ దగ్గలేదు, ఎవరూ కదల్లేదు. వాడంతా ఊపిరి బిగబట్టి నా నోటి కోసం ఎదురుచూస్తోంది. మేడమ్ కాగితం పక్కన పెట్టి, "ఇబ్బందిగా ఉంటే పర్వాలేదమ్మా, ఇక్కడితో..." అంటోంది.

నేను బాపు వైపు తిరిగాను. "బాపూ, సాంచాలు నడుపు."

"పిస లేసిందా? మేడమ్‌కు ఇనవడద్దా?"

"నడుపు బాపూ, నీ కాల్మొక్త."

సాంచాలు దడదడలాడాయి. ఇక పక్కనున్న మనిషికి కూడా నా మాట వినపడదు. ఇయర్‌ఫోన్ చెవులకు పెట్టుకుని, దాని మైకు పెదవుల దగ్గరికి తెచ్చుకున్నాను. గొంతు గడియ తీసుకుని బయటికి వచ్చింది.

"అబ్బా, ఏమిటా చప్పుడు? వేరే గదిలోకి వెళ్లలేవా?" అంది మేడమ్.

ఎందుకు వెళ్లలేనో చెప్పాను. లక్ష్మి పోయే బెజ్జం, తువ్వాళ్లు, అంబదాస్ పెళ్లి, ఎనిమిది ముడులు, గంజి, అన్నీ చెప్పాను. మేడమ్ నవ్వీ నవ్వీ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"మరి నెట్ ఎందుకు రాలేదంటావు?"

"ప్లాస్టిక్‌లోంచి కరెంటు పోదు మేడమ్. తోలు ఒలిచి, రాగికి రాగి తగిలించాలి."

"ఆ మాట మీ నాన్నకు చెప్పలేదా?"

"ముడి చూసి ఆయన అంత మురిసిపోతుంటే నోరు రాలేదు మేడమ్. నిజంగా ముడి బాగుంది. అది దారానికి వేయాల్సిన ముడి, అంతే."

మాట్లాడటం అయ్యాక తలెత్తి చూశాను. వాడంతా కిసకిసలాడుతోంది. బాపు సాంచె పక్కన నిలబడి నా నోటినే చూస్తున్నాడు. అప్పుడు తట్టింది. సాంచాల దగ్గర పెరిగినవాళ్లు మాట చెవితో వినరు, పెదవులు చూసి వింటారు. ఆ చప్పుడులో రోజంతా వాళ్లు మాట్లాడుకునేది అట్లాగే. నాకు తప్ప అందరికీ ఆ సంగతి గుర్తుంది. బాపు వంగి, తెగని పోగొకదాన్ని అతకడం మొదలుపెట్టాడు.

సీటు వచ్చిందని ఫోను వచ్చిన రోజు బాపు గుమ్మంలో నిలబడి వచ్చేపోయేవాళ్లను ఆపాడు.

"లెక్కలడుగలే, ఇంగ్లీష్ అడుగలే. నా ముడి గురించే అడిగిన్రు. గా ముడి లేకుంటె పొల్ల ఏం మాట్లాడుతుండె?"

కాదనడానికి లేదు. అది నిజమే.

అంబదాస్ పెళ్లి కూడా అప్పటికి అయిపోయింది. డబ్బీ పట్టుకుని వచ్చి, ముడులు కత్తిరించబోయాడు. బాపు అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఏయ్, ముట్టకు! సీటు తెచ్చిన ముళ్లు గవి."

"మరి ఎనుకర్రల నెట్టు?" అని అంబదాస్ వెనక గది వైపు చూపించాడు.

"ముంగటర్రల ఉన్నది గద, ఏం ఫికర్?" అన్నాడు బాపు.