ముందున్న వీపు

పరుగు పందెంలో ముందున్న ఆకుపచ్చ చొక్కాను దాటగానే ఆమె ఇంకో వీపు కోసం వెతుక్కుంది. కొంచెం దూరంలో బూడిదరంగు బనీను ఒకటి నిదానంగా ఊగుతూ పోతోంది. మెడ కింద చెమట మరక, కుడి భుజం కాస్త కిందికి. మరీ వేగమూ కాదు, మరీ నీరసమూ కాదు. ఇది చాలు అనుకుంది. ఆ రెండు భుజాల మధ్య చూపు నిలిపి, దారం ఉండ చుట్టుకుంటున్నట్టు మెల్లమెల్లగా దూరం తగ్గించుకుంటూ పోయింది.

ఇది పరుగు నేర్పిన విద్య కాదు, ఆసుపత్రి లాండ్రీలో అబ్బింది. అక్కడ పెద్ద ఇస్త్రీ యంత్రం రోలర్ల మధ్య నుంచి దుప్పటి సెగలు కక్కుతూ బయటికొస్తుంది. ఇద్దరు మనుషులు చెరో రెండు కొసలూ పట్టుకుని, ఎదురెదురుగా నడిచి, మడత కలిపి, మళ్ళీ వెనక్కి జరగాలి. యంత్రం మొదట నిలబడే మనిషి వేగమే ఇద్దరి వేగం. ఆమె పనిలో చేరిననాటికే ఆ చోటు అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడది. చేతులు చూడకు, చేతులు అబద్ధాలు చెప్తాయి, భుజం చూడు అని పెద్దక్క మొదటిరోజే చెప్పింది. ఆ భుజం చూస్తూ చూస్తూనే ఆమెకు పెళ్ళయింది, పిల్లలు ఎదిగారు, చెంపలు నెరిశాయి. లాండ్రీలో అందరూ ఆమెను తోక అనేవాళ్ళు. అలా పిలిచినా పలికేది.

ఇవాళ పెద్దక్కకు పనిలో ఆఖరి రోజు. రేపటి నుంచి ఆ మొదటి చోటు తోకది. సూపర్‌వైజరు ఆ కబురు చెప్పినప్పటి నుంచీ ఆమెకు అన్నం సయించడం లేదు. దారి చూపే భుజం లేకుండా ఒక్క దుప్పటి కూడా మడవలేనని ఆమె గట్టి నమ్మకం.

ఈ పందెంలో పోయినేడు కూడా పరుగెత్తింది. వెనకబడినవాళ్ళను ఏరుకుంటూ చివర్న ఒక బస్సు వస్తుంది. అది ఆమెను సగం దారిలోనే ఎక్కించుకుంది. సిటీ బస్సు కండక్టరైన మొగుడికి ఏడాదికి సరిపడా వేళాకోళం దొరికింది. ఇవాళ పొద్దున ఆమె బూట్లు కట్టుకుంటుంటే కూడా, "బస్సెక్కడానికి అంత దూరం పరుగెందుకే? మా బస్సు మన వీధి చివరే ఆగుతుందిగా," అన్నాడు. ఆమె నవ్వలేదు. ఈసారి కూడా బస్సెక్కితే రేపు ఆ యంత్రం మొదట నిలబడే మొహం తనకుండదని ఆయనకు చెప్పలేదు.

మందుల షాపు దగ్గర బూడిదరంగు బనీను ఎడమకు తిరిగింది. ఆమె కూడా తిరిగింది. ఇరుకు సందు. రెండు పక్కలా ఆరేసిన బట్టలు, ఒక గుమ్మంలో నిద్రపోతున్న కుక్క. పందెం దారి ఇంత ఇరుగ్గా ఉందేమిటా అనుకునేలోపే ఆ బనీను మనిషి ఒక నీలం గేటు ముందు ఆగి, గొళ్ళెం తీస్తూ వెనక్కి చూశాడు. చేతిలో పాల ప్యాకెట్టు ఉంది.

"ఎవరు కావాలమ్మా?"

"మీరు... పందెంలో..."

"నేను పాలకెళ్ళానమ్మా. అందరూ పరుగెత్తుతుంటే ఒక్కణ్ణే నడవడానికి సిగ్గేసింది."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. గిరుక్కున వెనక్కి తిరిగేసరికి ఎదురుగా ఒక బొద్దుపాటి అమ్మాయి, మోకాళ్ళ మీద చేతులాన్చి రొప్పుతోంది. ఛాతీ మీద పందెం నంబరు ఉంది.

"నువ్వెందుకొచ్చావమ్మా ఇటు?"

"మీరొచ్చారని. మొదట్నుంచీ మీ వీపే చూసుకుంటూ వస్తున్నానక్కా."

తన వీపు ఎలా ఉంటుందో ఆమె ఎన్నడూ ఆలోచించలేదు.

ఇద్దరూ మళ్ళీ పెద్ద రోడ్డెక్కేసరికి ముందు ఒక్క మనిషి లేడు. తొక్కి పడేసిన కాగితపు గ్లాసులు, వెలవెలబోతున్న రోడ్డు. వెనక మలుపులో బస్సు గుర్రుమంటోంది. పట్టుకోవడానికి ఒక్క వీపైనా లేక ఆమె అక్కడే ఆగిపోయింది. అమ్మాయి మాత్రం రోడ్డు వైపు చూడటం లేదు, ఆమె కదలడం కోసం చూస్తోంది.

ఆమె భుజాలు సర్దుకుంది. ఆ పిల్లకు బాగా కనిపించేలా నిటారుగా పెట్టి, బయల్దేరింది. రోడ్డును దుప్పటంత మేర ఒకటి, దుప్పటంత మేర ఇంకొకటి చొప్పున మడుచుకుంటూ పోయింది. వెనక ఊపిరి చెదిరితే కాస్త తగ్గింది. కుదుటపడితే అడుగు సాగదీసింది. బస్సు ఒకసారి హారన్ కొట్టింది. ఇద్దరిలో ఎవరూ తిరిగి చూడలేదు.

గీత దాటాక చాలాసేపటికి వచ్చింది బస్సు. అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుని, "ఒక్క అడుగు కూడా తడబడలేదక్కా మీరు," అంది. ఆమె కొంగు లేదు కనక మోచేత్తో మొహం తుడుచుకుంది.

మధ్యాహ్నం షిఫ్టులో, ఒక దుప్పటికీ ఇంకో దుప్పటికీ మధ్య, పెద్దక్కకు అంతా చెప్పింది. పాల ప్యాకెట్టు దగ్గర పెద్దక్క కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తర్వాత ఒకటే అడిగింది.

"ఆ పిల్ల సందులోకి కూడా వచ్చిందా?"

"వచ్చింది."

"అయితే నువ్విటు రా."

పెద్దక్క పొట్టిది. యంత్రం అందడానికి ఒక చెక్కపలక వేసుకుని నిలబడేది. దాని మీద నుంచి దిగి, చుట్టూ తిరిగి అవతలి వైపుకు పోయింది. ఆమె పలకను కాలితో కాస్త పక్కకు జరిపి, వేడి కొసలు అందుకుంది. మొదటి దుప్పటి వంకర పోయింది. రెండోది కొద్దిగా. ఆ తర్వాత కొసకు కొస అతికినట్టు కలుస్తూ పోయాయి. సూపర్‌వైజరు వచ్చి, మడతల అంచులు చూసి వెళ్ళిపోయాడు.

"కాస్త నిదానించవే, ముసలిదాన్ని," అంది పెద్దక్క. గొంతులో అలసట కంటే గర్వమే ఎక్కువ వినిపించింది. ఆమె నిదానించింది.

ఆఖరి రోజు కనక, టీ గంట మోగగానే పెద్దక్క సంచీ భుజాన వేసుకుంది. మడతల దొంతర మీద అరచేత్తో ఒకసారి రాసి, పక్క తలుపులోంచి వెళ్ళిపోయింది. రోలర్ల మధ్య నుంచి ఇంకో దుప్పటి వస్తోంది. అవతలి వైపుకు కొత్తామె ఒకతి వచ్చి, బెదురుగా ఆమె భుజాల వంక చూస్తూ నిలబడింది. ఆమె కొసలు అందుకుంది.

జరిపిన చోటే ఉండిపోయింది చెక్కపలక, నడుమ రెండు చిన్న పాదాల మేర అరిగి, నున్నగా.