కోడలి వేళ్లు, ఇంటి గడియలు

పొద్దున్నే ఆ ఇంట్లో ఏదీ కదలదు. వీధి తలుపు గడియ రాదు, కుళాయి తిరగదు, పంచదార డబ్బా మూత ఊడదు. కోడలి వేళ్లు తెల్లారేసరికి బిగుసుకుపోవడం మొదలైనప్పటినుంచీ ఇల్లూ ఆమెతోపాటే బిగుసుకుంటోంది. ఆమె చేతులు చంకల్లో పెట్టుకుని మంచం మీద కూర్చుంటుంది. మిగతావాళ్లు ఎదురుచూస్తారు.

"అయిందా అమ్మాయ్?" వంటింట్లోంచి అత్తగారు.

"చూపుడువేలు వచ్చిందత్తయ్యా."

"అయితే పంచదార డబ్బా వస్తుందేమో చూస్తా ఉండు."

భర్త సంచి భుజాన తగిలించుకుని తలుపు ముందు నిలబడి ఉంటాడు. "ఇంకోసారి ఆలస్యమైతే ప్రమోషన్ మాట మర్చిపొమ్మన్నాడు మా మేనేజరు. కాస్త త్వరగా సడలించరాదూ?"

ఆమె కుట్టు దుకాణంలో కాజాలు కుడుతుంది. ఈమధ్య సూది జారిపోతోంది. మాస్టరు చూసీ చూడనట్టు, "కాజాల మిషన్ ఒకటి చూసొచ్చానమ్మా" అన్నాడు.

డాక్టరమ్మ దాపరికం లేకుండానే చెప్పింది. కీళ్లవాతం ఇంకా మొదట్లోనే ఉంది, ఇప్పుడే మందు పడితే చాలావరకు ఆగుతుంది. ఒకసారి వంకరపోయిన వేలు మాత్రం మళ్లీ తిన్నగా రాదు. వారానికి ఒక మాత్ర. కాలేయం దెబ్బతినకుండా తరచూ రక్తపరీక్ష. మాత్ర వాడినన్నాళ్లూ గర్భం రాకూడదు.

మందుతో వచ్చిన కాగితాన్ని అత్తగారు గట్టిగా చదివించుకుంది. వాంతులు, నోటిపూత, జుట్టు రాలడం. "ఇది మందా, శాపనార్థాలా?" అంది. మందు వేసుకోకపోతే ఏమవుతుందో చెప్పే కాగితం మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

"ముందు ఒక బిడ్డ పుట్టనీ, తర్వాత చూద్దాం" అన్నాడు భర్త.

బిడ్డ ఆమెకూ కావాలి. "ఎత్తుకోవడానికి చేతులుండాలి కదండీ."

"ఎత్తుకోవడానికి అమ్మ ఉందిగా."

ఆ మాట తర్వాత ఆమె వాదించలేదు. గర్భం రాకుండా ఇంజెక్షన్ చేయించుకుని, ఎవరికీ చెప్పకుండా మాత్రలు మొదలుపెట్టింది. మొదట్లో వికారం తప్ప ఏమీ కనిపించలేదు. అనవసరంగా ఒళ్లు పాడుచేసుకుంటున్నానేమోనని భయపడింది కూడా. రెండు నెలలు దాటాక ముందు కుళాయి తిరిగింది, తర్వాత మూతలు వచ్చాయి. ఒక సోమవారం ఆమె లేవకముందే వీధి తలుపు గడియ భర్త చేతికి జారి వచ్చేసింది.

అత్తగారు పంచదార డబ్బా చేత్తో పట్టుకునే గదిలోకి వచ్చింది. "మందు వాడుతున్నావు కదూ?"

ఇల్లే చెప్పేశాక ఇంకేం దాస్తుంది. "వాడుతున్నానత్తయ్యా. గర్భం రాకుండా ఇంజెక్షన్ కూడా చేయించుకున్నాను."

"విన్నావురా? మా వంశాన్ని సూదితో ఆపుకుని కూర్చుంది నీ పెళ్లాం. ఇవాళే మాన్పించు."

వీధి తలుపు దగ్గరే ఉన్న భర్త మొహం నల్లబడింది. ఏదో గట్టిగానే అనబోయాడు. అంతలో చెయ్యి గడియ మీదికి పోయింది. ముందుకు తోశాడు, వెనక్కి లాగాడు. వెన్నలా కదిలింది. వాచీ చూసుకున్నాడు.

"ప్రమోషన్ తేలేదాకా వాడనీలే అమ్మా. పిల్లలెక్కడికి పోతారు?"

"మరి దాని కాలేయం?"

"రక్తపరీక్షలు చేస్తారటగా."

అత్తగారు ఒక్క క్షణం ఆలోచించి మూత తీసింది. వంటింట్లోకి వెళ్లి టీలో పంచదార వేసుకుంది.

వేళ్లు ఎలా ఉన్నాయని ఎవరూ అడగలేదు. ఆమె ఆ వారం మాత్ర అందరి ముందే నాలుక మీద పెట్టుకుంది. నీళ్లగ్లాసు భర్తే అందించాడు, బూట్లు వేసుకుంటూ.