లాగని చెయ్యి

తివారీ బురదలో తొడల దాకా దిగబడ్డాడు. చెయ్యి చాచి పది నిమిషాలైనా రత్నాలు ఆ చెయ్యి అందుకోలేదు.

అతనిది లక్నో. మూడేళ్ళుగా విశాఖపట్నంలో ఉద్యోగం. బజారుకూ బస్సుకూ సరిపడా తెలుగు వచ్చు. సెలవు దొరికితే కెమెరా మెడలో వేసుకుని పక్షుల వెంట తిరుగుతాడు. హుకుంపేట అవతల కొండల మధ్య ఒక చిత్తడి ఉందనీ, అక్కడ వేట నిషేధమనీ ఎవరో చెబితే జీపెక్కి వచ్చాడు. ఆ చిత్తడికి కాపలా మనిషి రత్నాలు. నలభై దాటిన మనిషి, కాళ్ళకు చెప్పులుండవు. పొద్దున ఆమెను చూసి తివారీ జీపు డ్రైవరును అడిగాడు, "మగవాళ్ళు ఎవరూ లేరా?" అని. ఆమెకు వినబడేటట్టే అడిగాడు.

"నానేసిన అడుగులోనే అడుగెయ్యండి బాబూ" అని ఆమె తుంగ దుబ్బుల మీద ముందు నడిచింది. జమ్ములో నీటికోడి పిల్లలు కదిలాయి. ఫొటో కోసం తివారీ రెండంటే రెండడుగులు పక్కకు వేశాడు. మోకాలి బూట్లతో సహా కాళ్ళు రొంపిలోకి జారిపోయాయి. ఒకటి పీకబోతే రెండోది ఇంకా లోపలికి పోయింది.

"లాగు" అన్నాడు మళ్ళీ.

"లాగితే తుంటి ఊడిపోద్ది. గేదె దిగబడినా మేం లాగం."

"నేను గేదెనా?"

"గేదైతే సెప్పిన మాటింటాది" అంది రత్నాలు. "ఊర్లోకెల్లి మనిషిని తెత్తాను. కాళ్ళు కదపకండి."

ఆమె వెళ్ళిన దారిలో జమ్ము మళ్ళీ దగ్గరికి మూసుకుపోయింది. ఫోనులో సిగ్నల్ ఒక్క గీత లేదు. జీపు సాయంత్రానికి గానీ తిరిగి రాదు. బూట్లలోకి చన్నీళ్ళు దిగాయి. ఊరెంత దూరమో అతను అడగలేదు. ఆమె తిరిగి వస్తుందా? ఎందుకొస్తుంది? పొద్దున అన్న మాట ఇప్పుడు అతనికే వినబడింది.

అరగంట ఓర్చుకున్నాడు. ఇక ఉండబట్టక తుంగ గుప్పిట పట్టి కుడికాలు బలంగా ఎత్తబోయాడు. తుంగ వేళ్ళతో ఊడి చేతికొచ్చింది. రొంపి నడుం దాకా వచ్చి, కింద ఎవరో కూర్చుని కావిలించుకున్నట్టు బిగిసింది. హిందీలో అరిచాడు, తెలుగులో అరిచాడు. అతను అరిచి అలిసిపోయాక, ఒక నీటికోడి తన పిల్లల్ని వెంటేసుకుని మూరెడు దూరంలోంచి నడిచిపోయింది. అతన్ని అది మొద్దు కింద జమకట్టింది. అతను కెమెరా ఎత్తలేదు.

ఎండ నెత్తిమీదికొచ్చాక మాటలు వినబడ్డాయి. అటక నిచ్చెన భుజాన వేసుకుని సోంబరనే ముసలాయన, నెత్తిన పచ్చికొమ్మల మోపుతో రత్నాలు.

"ఏ ఊరంట?" అన్నాడు సోంబరు.

"లక్నో" అన్నాడు తివారీ.

"ఆ ఊర్లో బురద నేదా పాపం."

రత్నాలు తివారీ నడుం వైపు చూసింది. "కదపొద్దని సెప్పినాను కదా బాబూ."

అతను తల దించుకున్నాడు.

కొమ్మలు పరిచి, వాటి మీద నిచ్చెన వేశారు. సోంబరు వెంట తెచ్చిన, లోపలి కణుపులు పొడిచేసిన వెదురు గొట్టాన్ని తివారీ కాలి పక్కన రొంపిలోకి దించి, ముంతతో నీళ్ళు పోయసాగాడు. గేదె కాళ్ళ దగ్గరా అలాగే పోస్తారట. నీరు దిగితే రొంపి పట్టు వదులుతుంది.

"ఇప్పుడు బోర్లా పడుకోండి" అంది రత్నాలు.

"మునిగిపోతాను."

"నిలబడితేనే మునుగుతారు."

అతని ఒళ్ళు మాట వినలేదు. రత్నాలు చీర కుచ్చెళ్ళు దోపుకుని నిచ్చెన మీద తనే బోర్లా పడుకుంది. గడ్డం బురదకు ఆనింది. అతని రెండు మణికట్లూ పట్టుకుంది. లాగలేదు, ఊరికే పట్టుకుంది.

"నాను పడుకోనేదా? రండి."

తివారీ కళ్ళు మూసుకుని ముందుకు ఒరిగాడు. చెంపకు చల్లటి బురద, ఆకుల వాసన. ఆశ్చర్యం, కిందికి పోలేదు.

"కాలేళ్ళు ఆడించు. ఏళ్ళే, కాలు కాదు" అన్నాడు సోంబరు. "ఆ బూట్లు ఒగ్గెయ్, రొంపే తొడుక్కుంటాది."

చాలాసేపు పట్టింది. ఎడమ పాదం ఉత్తదై బయటికొచ్చింది, ఆ తర్వాత కుడిది. రత్నాలు వెనక్కి తిరిగి ముందు పాకింది. కొమ్మల మీద బల్లిలా పాకుతూ అతను ఆమె మడమలనే చూస్తూ వెళ్ళాడు. ఆమె ఎటు తిరిగితే అటు తిరిగాడు.

కాసేపటికి ఆ మడమలు లేచి నిలబడ్డాయి.

"గట్టొచ్చింది బాబూ, లేవండి. ఇది రాయి."

అతను రాయిని అరచేత్తో కొట్టి చూశాడు. అయినా లేవలేదు. ఇంకో నాలుగు బారలు పాకాడు. రత్నాలు తొందరపెట్టకుండా పక్కనే నడిచింది.