వేడి ప్లగ్గులు

షెడ్డు గేటు దాటకముందే కారు దగ్గి, కుదుపులు తిని ఆగిపోయింది.

ఆ షెడ్డు నడిపే ఆమె తమ్ముడు డిక్కీలో ఉన్నాడు. కారులో వచ్చిన ఇద్దరిలో బట్టతలవాడు చేసిన హత్యను కళ్ళారా చూశానని రేపు కోర్టులో చెప్పాల్సినవాడు. ఇప్పుడే ముందు పళ్ళు రాలగొట్టి, చేతులు విరిచి కట్టి, వాణ్ణి గోనెసంచిలా లోపలికి కుక్కారు. అక్క అడ్డం పడితే ఆమె కణత పగలగొట్టారు. నెత్తురు ఇంకా కంట్లోకి కారుతోంది.

"లే, మెకానిక్కమ్మా!" బట్టతలవాడు జుట్టు పట్టి లేపాడు. "బండి కొండెక్కాలి. ఎక్కలేదంటే వాణ్ణి ఇక్కడే కోసేస్తా."

ఎక్కితే పైనుంచి లోయలోకి తోసేస్తారు. ఆమాత్రం ఆమెకు తెలుసు.

పెట్రోలుకు నిప్పంటించే స్పార్క్ ప్లగ్గులు విప్పింది. నాలుగూ మసిబొగ్గుల్లా ఉన్నాయి. "ఇవి మార్చాలి."

"నేనూ గ్యారేజీలో పెరిగినవాణ్ణే. ఒక్క వైరు వదులుగా పెట్టినా వేలు ఎగిరిపోతుంది." కత్తి ఆమె బొటనవేలి మీద ఆనించి, మచ్చుకు కాస్త కోశాడు కూడా.

అలమరలో రెండు రకాలున్నాయి. బిగించే మర ఒకటే, పొడవు ఒకటే, ప్లగ్గు మీద అంకె మాత్రమే వేరు. ఈ ఇంజిన్‌కి వేయాల్సింది వేడిని త్వరగా వదిలించుకునే రకం. రెండోది వేడిని పట్టుకు కూర్చుంటుంది. షెడ్డులో ఎంతసేపు తిప్పి చూసినా దాని గుట్టు బయటపడదు. ఎత్తు మీద ఆపకుండా తొక్కితే మాత్రం దాని మొన ఎర్రగా కాలి, పెట్రోలును వేళకు ముందే అంటించి, పిస్టన్‌కి చిల్లు పెడుతుంది.

ఆమె రెండోది తీసింది.

బట్టతలవాడు కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టి కొలిచాడు. పాతదాని మీది అంకె ఎప్పుడో మసిలో కలిసిపోయింది. "సరే, బిగించు."

ఇంజిన్ సాఫీగా తిరిగింది.

"పనితనం ఉందే! నువ్వూ ఎక్కు. దారిలో మొరాయిస్తే నీ సంగతి చూస్తా."

ఆమె చేతిలో ప్లగ్గుపానా అలాగే ఉంది. మెకానిక్ చేతిలో పానా ఎందుకని ఎవరడుగుతారు?

కొండ మొదలైంది. "తొక్కు బాబూ, నసిగితే ఎక్కదు," అంది స్టీరింగ్ పట్టిన చెవిపోగువాడితో.

"నాకు నేర్పకు," అంటూ వాడు ఇంకా తొక్కాడు.

ఇంజిన్‌లో టకటక మొదలైంది. "ఏంటా చప్పుడు?" బట్టతలవాడి గొంతు మారింది.

"కొత్త ప్లగ్గులు కదా. సర్దుకుంటాయి."

పై మలుపులో ఫెళ్ళుమంది. వెనక నీలం పొగ కమ్మేసింది. కారు చచ్చింది.

బట్టతలవాడు ఆమెను బయటికి ఈడ్చి, బానెట్ ఎత్తించి తల దూర్చాడు. "ఏం చేశావే..."

ఒంటి బరువంతా వేసి బానెట్ దించేసింది. ఎముక విరిగిన చప్పుడు. ఎత్తి మళ్ళీ దించింది. ఉడుకుతున్న ఇంజిన్ మీద చెంప అంటుకుని వాడు పెట్టిన కేక మధ్యలోనే ఆగిపోయింది. చెవిపోగువాడు కత్తితో దూకాడు. అది ఆమె భుజంలోకి దిగింది. ఆమె కత్తి వంక చూడనైనా లేదు. పానాతో మోకాలిచిప్ప పగలగొట్టి, వాడు వంగగానే దవడ మీద ఇచ్చింది. వాడు మళ్ళీ లేవలేదు.

డిక్కీ తెరిచింది. తమ్ముడు వాపు లేని ఒక్క కన్నుతో చూశాడు.

"బండి మధ్యలో ఆగిందేంటక్కా? మన షెడ్డు పరువు పోయింది పో."

"నోరు ముయ్యరా," కట్లు కోస్తూ అంది. "ఆ నోరు రేపటిదాకా దాచుకో. పళ్ళు లేకపోయినా ఫర్వాలేదు, మాట తేటగా రావాలి."