ఉలవ కట్టు

తమిళనాడు ధర్మపురి దగ్గరి ఇండూరులో, శివప్ప ఇంట్లో తెల్లవారుతూనే అండా పొయ్యెక్కుతుంది. అందులో పన్నెండు పడుల ఉలవలు ఉడుకుతాయి. ఉడికిన గింజలను వాకిట్లో రాతితొట్లలో పోస్తారు. ఏడు గంటలకు పన్నెండు గుర్రాలు వచ్చి, తిని, పడమటి దారిన వెళ్ళిపోతాయి. గింజలు వంచగా మిగిలిన కట్టులో చింతపండు పిసికి ఇంటివాళ్ళు సంగటిలోకి పోసుకుంటారు. నాలుగు తరాలుగా అంతే.

ఆ గుర్రాలు తెల్లదొరల దండువి. కావేరికి అవతల ఒక సంస్థానపు రాజధానిలో, సరిగ్గా కోట ఎదుట ఆ దండు దిగింది. రాజును కాపాడుతామని చెప్పి రాజు మీదే కాపలా కాసింది. దాని గుర్రాలకు ఉలవలు ఉడికించి పోస్తానని శివప్ప ముత్తాత కాగితం మీద వేలిముద్ర వేశాడు. 'వరుసలో నిలిచిన ప్రతి నోటికీ ఒక పడి' అని ఉంది అందులో. వేలిముద్ర ఆయనది, పొయ్యి ఆయన భార్యది. తరవాత ఆ కుటుంబం ధర్మపురి సీమకు వచ్చేస్తే గుర్రాలూ వెతుక్కుంటూ వచ్చాయి. దొరలు ఓడెక్కిపోయారు. రాజుగారి భరణం కూడా సర్కారు ఆపేసి మూడేళ్ళయింది. గుర్రాలు మాత్రం ఒక్కపూట తప్పలేదు.

ఆ ఏడు వాన లేదు. కొట్టులో మిగిలిన ఉలవలన్నీ గుర్రాల లెక్కవే. శివప్ప భార్య పాపక్కకు ఏడో నెల. అంతకుముందు ఇద్దరు బిడ్డలు పిడికెడంతే పుట్టి పురిట్లోనే పోయారు. నర్సు సరసమ్మ వచ్చి ఆమె కనురెప్ప కిందికి లాగి చూసింది.

"రక్తమే లేదు. గింజ తినాల. నీళ్ళు తాగుతా కూర్చుంటే ఈ బిడ్డా దక్కదు."

నర్సు పోయాక అత్త నాగవేణమ్మ కొడుకు దగ్గరికి వెళ్ళింది.

"ఒక్క పడి దీనికి తీసిపెడతాను రా, శివా."

"ముత్తాత వేలిముద్ర ఉందిమా. మాట పోతుంది."

"మాట నీది. కడుపు దానిది."

"కట్టు తాగే కదా నువ్వు నన్ను కన్నావు?"

"నీకు ముందు ముగ్గురిని పూడ్చినాను. నీ మాదిరి మాట్లాడేదానికి వాళ్ళు మిగల్లేదు."

శివప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకుని తొట్లు లెక్కపెట్టడానికి పోయాడు. ఆ ఇంట్లో మగవాళ్ళ పని అదే.

నాగవేణమ్మ బస్సెక్కి ధర్మపురి కచేరీకి పోయింది. గుమాస్తా రాజమాణిక్కం అంతా విన్నాడు.

"పెట్టమన్నవాళ్ళే నిలపమని ఉత్తరువు రాయాలమ్మా."

"వాళ్ళు పోయినారు కదయ్యా."

"అట్లయితే పాత ఉత్తరువు ఉన్నట్టే."

మర్నాడు ఏడు గంటలకు పాపక్క కొంగు నడుముకు చుట్టుకుని, పన్నెండో గుర్రం పక్కన పోయి నిలబడింది. శివప్ప వేలు చూపిస్తూ లెక్కపెట్టుకొచ్చాడు. పదమూడు దగ్గర వేలు ఆగింది. పెళ్ళాం మొహం చూశాడు. కాగితంలో నోరు అని ఉంది గాని ఎవరి నోరో లేదు.

"ఇంకొక పడి పొయ్యిమా," అన్నాడు తల్లితో.

పాపక్క తొట్టిలోకి వంగి తిన్నది. రోజూ తిన్నది. బుగ్గలు నిండాయి, మెడ బలిసింది. తిన్నాక మిగతావాటితో వీధి చివరిదాకా నడిచేది. తరవాత చెరువుకట్టదాకా. ఆ తరవాత మధ్యాహ్నానికి గాని ఇల్లు చేరేది కాదు.

తొమ్మిదో నెలలో ఒక పొద్దున వరుస కదలగానే నాగవేణమ్మ వీధిలోకి వచ్చింది.

"పిలువు రా దాన్ని, శివా."

"వరుసలో ఉండేదాన్ని ఎట్ల పిలిచేది?"

"పాపా," అని ఆమే పిలిచింది. పదమూడోదాని చెవి ఒకసారి కదిలింది. కాళ్ళు ఆగలేదు.

పదకొండు రోజులు పన్నెండే వచ్చాయి. పన్నెండో రోజు పదమూడు వచ్చాయి. చివరిదాని వెనక, కాళ్ళు కుదరక తూలుతూ, ఒక చిన్నది.

"పద్నాలుగు," అన్నాడు శివప్ప.

నాగవేణమ్మ దగ్గరికి పోయి చిన్నదాని పక్కలు తడిమింది. ఎక్కడా ఎముక తగల్లేదు. ఆడదే. కాసేపు దాని వెచ్చని ఒంటి మీద చెయ్యి ఉంచి, లోపలికి పోయి, మళ్ళీ పొయ్యి ఊదింది.