లేచినాక వస్తా

విప్పిన స్క్రూలను నోట్లో పెట్టుకోవడం చెంచయ్యకు ఇరవై రెండేళ్ళ అలవాటు. పక్కనే ఖాళీ డబ్బా ఉంటుంది. అందులో వేస్తే అతని సొమ్మేం పోదు. చెబితే వినే మనిషైతే గదా! ఆ మంగళవారం పొద్దున కూడా ఆరు స్క్రూలు బుగ్గన పెట్టుకుని, నరేంద్రబాబు కంప్యూటరుకున్న అద్దం తలుపు ఊడదీసి గోడకు ఆనించాడు.

బోగోలు బస్టాండు వెనక సందులో ఆ రిపేరు షాపు. ఒక టేబులు, రెండు కుర్చీలు. ఒక కుర్చీ చెంచయ్యది, రెండోది అతనితో కలిసి పనిచేసే సమాధానం అనే మనిషిది. చెంచయ్యకు మెడ ముందుకు వంగిపోయి చాలా కాలమైంది. కుడి బొటనవేలి గోరు నల్లబడి అట్లాగే ఉండిపోయింది. ఫ్లాపీలు పోయాయి, సీడీలు పోయాయి, ఈ ఇద్దరూ మాత్రం అవే కుర్చీల్లో ఉన్నారు. కాకపోతే శుక్రవారం నుంచి రెండో కుర్చీ ఖాళీ.

ఎందుకు ఖాళీ అంటే, అదంతా ఈ కంప్యూటరు చేసిన నిర్వాకమే.

నరేంద్రబాబుకు సముద్రం ఒడ్డున రొయ్యపిల్లల హేచరీ ఉంది. అక్కడి గదిలో కెమెరాల రికార్డింగంతా ఈ మిషన్లోనే. వేడెక్కి మాటిమాటికీ ఆగిపోతోందని, నాలుగు పెద్ద ఫ్యాన్లున్న అద్దాల క్యాబినెట్ కొనుక్కొచ్చి ఇందులోకి మార్చమన్నాడు. మార్చడానికేం, మార్చొచ్చు. కానీ ఆ మదర్‌బోర్డు మీద ఫ్యాన్లకని ఉన్న పిన్నులు రెండే. ఒకటి ప్రాసెసరు ఫ్యానుకు పోతే మిగిలింది ఒక్కటి. అది ఒక ఆంపియరుకు మించి మోయలేదు. ఈ నాలుగూ కలిపి తాగేది ఒకటిన్నర పైమాటే. ఎద్దు ఒకటి, బండ్లు నాలుగు.

అట్లాంటిది, నాలుగు ఫ్యాన్ల వైర్లూ కలిపి ఎవరో ఆ ఒక్క పిన్నుకే తగిలించేశారు. శుక్రవారం పొద్దున నరేంద్రబాబు ఎదురుగా స్విచ్చి వేయగానే బోర్డు కమురు వాసన కొట్టింది. చెంచయ్యకు ఎక్కడలేని కోపం వచ్చింది. మిషను సమాధానం వైపు టేబులు మీద ఉంది కాబట్టి తప్పు సమాధానానిదే అని తీర్మానించేశాడు.

"ఇన్నేండ్లు పని చేసి ఏం లాభం? నిన్న చేరినోడు కూడా ఇట్టా చెయ్యడు. ఇంటికి పొయ్యి పడుకో!" అని గిరాకీ ముందే అరిచాడు.

సమాధానం వంగి ఆ వైర్ల ముడిని చూశాడు. చాలాసేపే చూశాడు. చేతులు తుడుచుకుని, "అట్నే అనుకో చెంచయ్యా" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. శనివారం రాలేదు, సోమవారమూ రాలేదు. పంతం పట్టాడులే, రెండ్రోజులకు తానే వస్తాడులే అనుకున్నాడు చెంచయ్య.

ఇప్పుడు కొత్త బోర్డు వచ్చింది. పాత వైర్లు విడదీద్దామని ముడిని వేళ్ళ మధ్యకు తీసుకున్నాడు. నల్ల టేపు చుట్టి ఉంది. టేపు కొస పంటితో కొరికినట్టు పీచులు పీచులుగా ఉంది.

సమాధానం జన్మలో టేపు వాడడు. వైరును వైరుకు టంకం పెట్టి, పైన సన్నటి గొట్టం తొడిగి, లైటరు వేడి చూపించి బిగిస్తాడు. పంటితో కొరికేది ఈ షాపులో ఒక్కడే.

గురువారం సాయంత్రం సమాధానం ప్రార్థన కూటానికి వెళ్ళాడు. నరేంద్రబాబు ఫోన్ చేసి తొందర పెట్టాడు. అప్పుడు టేబులుకు సమాధానం వైపు నిలబడి నాలుగు ఫ్యాన్లూ కలిపి చుట్టింది ఎవరో చెంచయ్యకు గుర్తొచ్చింది. నోట్లో స్క్రూల సంగతి మరిచి గుటక వేయబోయి, ఉక్కిరిబిక్కిరై అన్నింటినీ అరచేతిలోకి ఉమ్మాడు.

వాడు ఆ ముడిని చూశాడే! చూసి కూడా నరేంద్రబాబు ముందు నన్ను పట్టివ్వలేదే!

"తప్పు నాది" అనే మాట చెంచయ్య నోట ఎవరూ విని ఎరగరు. భార్య కామాక్షమ్మ దగ్గరైతే ఆ మాట రావాల్సిన చోట దగ్గు వస్తుంది. ఈసారి మాత్రం చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆ కుర్చీ వైపు ఇక కన్నెత్తి చూడలేడు. వెంటనే సమాధానానికి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు.

సరే, పనైనా సరిగ్గా చేద్దామని కూర్చున్నాడు. కొత్త బోర్డు బిగించి, దాని జోలికి పోకుండా నాలుగు ఫ్యాన్లకూ కరెంటు నేరుగా పవర్ సప్లై నుంచే లాగాడు. స్విచ్చి వేస్తే నాలుగూ ఒక్కసారిగా పూర్తి వేగంతో హోరెత్తాయి. బల్ల మీది కాగితాలు లేచి ఎగిరాయి. వాటిని ఏరుకుంటుండగా ఫోన్ మోగింది. సమాధానం నంబరే. మాట్లాడింది మాత్రం అతని కూతురు డెబోరా.

"మామా... నాన్న..." మధ్యలో ఏవో రెండు మాటలు హోరులో కొట్టుకుపోయాయి. "...నిద్రించినాడు మామా."

చెంచయ్యకు నవ్వొచ్చింది. నిద్రపోతున్నాడు అనరాదూ, నిద్రించినాడంట! ఈ చర్చి వాళ్ళ పిల్లలు ఇంట్లో కూడా పుస్తకంలో మాటలే మాట్లాడతారు.

"లేపొద్దులే అమ్మా!" ఫ్యాన్లను మించి వినపడాలని గట్టిగా అన్నాడు. "పడుకోనీ. లేచినాక వస్తా. నేనే వచ్చి మాట్లాడతా."

"అట్నే మామా" అని డెబోరా పెట్టేసింది.

గుండెల మీద బరువు దిగినట్టయింది. అలిగినవాడికి నిద్ర పట్టిందంటే అలక తీరినట్టే. మధ్యాహ్నం వరకూ హుషారుగా పనిచేశాడు. ఫ్యాన్లు ఆపాక వాటి ముందే రిహార్సలు వేసుకున్నాడు. "తప్పు నాది సమాధానం." కాదు, మొరటుగా ఉంది. "ఒరే సమాధానం, తప్పు నాదేరా." ఇది బాగుంది.

రెండు గంటలకు ఎదురుగా జిరాక్సు షాపు కరుణాకుమారి షట్టరు దించుతూ ఇటు చూసింది. తెల్లచీర కట్టుకుని ఉంది, చేతిలో బైబిలు.

"ఏందన్నా, ఇంకా ఈడనే ఉండావా? పోలేదా?"

"యాడికి?"

"యాడికేందన్నా! సమాధానం అన్న పొద్దున ప్రభువునందు నిద్రించినాడు గదా. గుండె నొప్పంట. డెబోరా నీకు చెప్పినా అనిందే!"

చెంచయ్యకు చేతిలో స్క్రూడ్రైవరు కింద పడిన సంగతి కూడా తెలియలేదు. నిద్రించినాడు. ఆ మాటకు తానేమన్నాడు? చచ్చిపోయిన తండ్రిని లేపొద్దమ్మా అన్నాడు! లేచినాక వస్తా అన్నాడు! నవ్వుతూ అన్నాడు! ఓరి దేవుడా, ఆ పసిది ఏమనుకుని ఉంటుంది! షాపు తాళం వేశాడో లేదో కూడా అతనికి గుర్తు లేదు. మెయిన్ రోడ్డు దాటి ఆ ఎండలో సమాధానం ఉండే కాలనీ దాకా పరుగులాంటి నడకతో పోయాడు.

ఇంటి ముందు షామియానా వేశారు. పాట పాడుతున్నారు. ముఖం మీద ఉమ్మేసినా పడదామని తల దించుకుని లోపలికి వెళ్ళాడు. మంచం పక్కన, తల దగ్గర కూర్చున్న సమాధానం భార్య మగ్దలీనమ్మ లేచి వచ్చి, చెంచయ్య చేతులు రెండూ పట్టుకుంది.

"అన్నా! పొద్దుట్నించి వచ్చినోళ్ళందరూ ఏడిపించేటోళ్ళే. నువ్వు మా దేవుణ్ణి నమ్మినోడివి కాదు. అయినా నువ్వొక్కడివే లేపొద్దు, లేచినాక వస్తా అన్నావంట. పునరుత్థానంలో లేస్తాడని మాకు తెలీదా? తెలుసు. అయినా నీ నోట వచ్చినాక నాకు ప్రాణం కుదుటపడిందన్నా. పాస్టరుగారు కూడా ఆ మాటే ఎత్తి ప్రార్థన చేసినాడు."

చెంచయ్యకు కాదమ్మా, నాకు వినపడలేదు, ఫ్యాన్ల హోరమ్మా అనాలని పెదాల దాకా వచ్చింది. ఆమె ముఖం చూసి మింగేశాడు. మంచం దగ్గరికి పోయాడు. తెల్ల దుప్పటి మీద సమాధానం చేతులు, టంకం కాలిన మచ్చలతో, ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. వంగి, చెవిలోనైనా ఆ ఒక్క మాటా చెప్పేద్దామనుకున్నాడు. ఒరే, తప్పు...

"మామా," డెబోరా అతని భుజం పట్టుకుంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "నాతో అన్న మాట నాన్నతో ఒకసారి చెప్పు మామా."

పాట ఆపేశారు. అందరూ అతని నోటి వైపే చూస్తున్నారు.

"లేపొద్దులే..." అన్నాడు చెంచయ్య. "లేచినాక వస్తా."

కూర్చున్నవాళ్ళంతా ఆమెన్ అన్నారు. తప్పు నాది అనే మాట గొంతులోనే ఉండిపోయింది. చెంచయ్య నేల మీద కూలబడి, ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ లేనట్టు వెక్కివెక్కి ఏడ్చాడు.

శవపెట్టె ఎత్తాక ఇల్లు ఖాళీ అయింది. డెబోరా అతన్ని కిటికీ దగ్గరికి పిలిచి, "నాన్నకు నాలుగు రోజులుగా ఇదే పని మామా. ఛాతీ పట్టేసిందంటా కూడా ఇదే. నీకియ్యాలని" అంది.

కిటికీ గట్టు మీద అరచేయంత పచ్చటి సర్క్యూట్ పట్టీ ఉంది. నాలుగు ఫ్యాన్లకు ఒకేచోట కరెంటిచ్చేటట్టు ఇంట్లోనే చేసింది. మూడు సాకెట్లకు టంకం పెట్టి ఉంది, నాలుగోదానికి రంధ్రాలు మాత్రమే వేసి ఉన్నాయి.